సిగ్నల్ రాని ఊరికి వ్యాపారి ఎందుకు రావాలి?

శ్రోతలకు నమస్కారం.

ముందుగా కొన్ని అంకెలు చెబుతాను, కాస్త ఓపికగా వినండి. 2011 జనాభా లెక్కల ప్రకారం పశ్చిమ గోదావరి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 508 మంది ఉన్నారు. మన కడప జిల్లాలో 188 మంది. అనంతపురంలో 213, కర్నూలులో 230 దాకా. ఇవి జిల్లాలను విడగొట్టకముందు లెక్కలు. సెల్ టవర్ ఖర్చు మాత్రం అక్కడా ఇక్కడా ఇంచుమించు ఒకటే. అదే ఇనుము, అవే బ్యాటరీలు, అదే డీజిల్. నిజానికి మన దగ్గరే కాస్త ఎక్కువవుతుంది. ఎందుకంటే సిగ్నల్‌కు కొండ అడ్డమొస్తే ఒక టవర్ చేయాల్సిన పనికి రెండు కావాలి. నల్లమల, ఎర్రమల, లంకమల, పాలకొండలు, శేషాచలం... మన సీమలో ఏ ఊరి చివర నిలబడినా ఏదో ఒక గుట్ట కనబడుతుంది కదా. ఇక కేబుల్ పూడ్చాలంటే, జానెడు మన్ను తీయగానే రాయి తగిలే నేలలు మనవి.

కాబట్టి అక్కడ ఒక టవర్ కింద వెయ్యి రీచార్జీలు జరిగే చోట, కడప జిల్లాలో నాలుగు వందలు కూడా జరగవు. అందులోనూ పెద్ద ప్యాకేజీలు వేసుకునేవాళ్లు తక్కువ. కంపెనీలకు సీమ మీద కోపమేమీ లేదు. లెక్క కుదరదు, అంతే. ఈ మాట ఒప్పుకోకుండా "మా ఊరికి టవర్ ఎందుకు వేయరు" అని ఎన్ని అర్జీలు పెట్టినా పని జరగదు. లెక్క కుదిరేలా చేయడం ఎలా అన్నదే ఈ రోజు మన ప్రసంగ విషయం.

అవసరం తక్కువేమో అనుకోకండి. ఉపాధి హామీ పథకం దేశంలో మొదలైందే మన అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో, 2006 ఫిబ్రవరి 2న. ఆ ఉపాధి పనుల్లో హాజరును ఫోన్ యాప్‌లో ఫొటో తీసి పంపాలన్న నిబంధన 2023 జనవరి నుంచి అంతటా తప్పనిసరి అయింది. ఫొటో ఎక్కడైనా తీయొచ్చు, పంపాలంటే మాత్రం సిగ్నల్ ఉన్న చోటికి పోవాలి. రేషన్ మిషన్ మీద వేలిముద్ర, పంట వివరాల ఈ-క్రాప్ నమోదు, పిల్లల స్కాలర్‌షిప్ దరఖాస్తు, అన్నీ ఆ దారిలోనే నడుస్తున్నాయి. పట్నంలో ఇంటర్నెట్ లేకపోతే సినిమా ఆగుతుంది, తుగ్గలి మండలంలో ఒక పల్లెలో లేకపోతే కూలి డబ్బు ఆగుతుంది. డబ్బు పెట్టే స్తోమత తక్కువున్న చోటే అవసరం గట్టిగా ఉంది. ఇలాంటి చోట మార్కెట్‌ను దాని మానాన వదిలేస్తే అది రాదు. అట్లని మొత్తం ప్రభుత్వమే నెత్తిన వేసుకుంటే ఏమవుతుందో కూడా మనం చూశాం. తీగ వస్తుంది, డబ్బా వస్తుంది, ఆ డబ్బా పంచాయతీ ఆఫీసు మూల దుమ్ము పట్టి ఉంటుంది.

మధ్యేమార్గం ఒకటి మన దేశంలో ఎప్పటి నుంచో ఉంది. టెలికాం కంపెనీలు తమ ఆదాయంలో 8 శాతం లైసెన్స్ ఫీజుగా ప్రభుత్వానికి కడతాయి. ఆ ఎనిమిదిలో ఐదు వంతులు ఒక ప్రత్యేక నిధికి పోతాయి. 2002 ఏప్రిల్‌లో మొదలైన ఈ నిధికి 2003లో చట్టబద్ధత వచ్చింది. అప్పట్లో సార్వత్రిక సేవా బాధ్యత నిధి అనేవారు, 2023 టెలికాం చట్టంతో డిజిటల్ భారత్ నిధి అయింది. ఆర్టీసీ వాళ్లు లాభాలొచ్చే రూట్ల డబ్బుతో నష్టాల పల్లెవెలుగు బస్సు నడిపినట్టే ఇదీను. నగరంలో మనవాడు చేసే రీచార్జీలో కొంత భాగం పల్లె టవర్‌కు చేరాలి. చేరాలి అంటున్నాను, చేరింది అనడం లేదు. ఎందుకంటే జమ అయిన దాంట్లో వేల కోట్లు ఏళ్ల తరబడి ఖజానా దాటి బయటికి రాలేదు. కంపెనీలు దీని మీద గొణగడంలో న్యాయం లేకపోలేదు.

సరే, డబ్బు ఉందనుకుందాం. ఎవరికివ్వాలి, ఎంత ఇవ్వాలి? నూరు రూపాయల పనికి కంపెనీ నూట యాభై అడిగితే అధికారికి తెలిసేదెలా? ఇక్కడే వేలంపాట పనికొస్తుంది. మామూలు పాటలో ఎక్కువ పాడినవాడికి సరుకు దక్కుతుంది. ఇందులో తక్కువ సాయం అడిగినవాడికి పని దక్కుతుంది. మన రాష్ట్రంలో రివర్స్ టెండరింగ్ అనే మాట అందరికీ తెలిసిందే కాబట్టి విడమరచి చెప్పనక్కరలేదు. దక్షిణ అమెరికాలో చిలీ దేశం 1990ల మధ్యలో పల్లెల్లో పబ్లిక్ ఫోన్లు పెట్టించడానికి ఈ పద్ధతి వాడింది. విచిత్రమేమంటే, కొన్ని చోట్లకు కంపెనీలు సున్నా పాడాయి! సాయం ఒక్క పైసా వద్దు, అనుమతి ఇవ్వండి చాలు అన్నాయి. నష్టం వస్తుందని అందరూ అనుకున్న ఊళ్లలో కొన్నింటికి నష్టమే లేదని ఆ పాటతో బయటపడింది. మన దేశంలోనూ 2007లో ఇదే నిధి నుంచి, ఇదే పద్ధతిలో, పల్లెల్లో ఏడు వేలకు పైగా టవర్లకు పని అప్పగించారు.

అయితే పాట పెట్టగానే పని అయిపోదు. అమెరికాలో 2020లో పల్లె ఇంటర్నెట్ కోసం ఇలాంటి వేలమే పెద్దయెత్తున జరిగింది. ఆశకు పోయి చాలా తక్కువకు పాడినవాళ్లు తర్వాత చేతులెత్తేశారు. గెలిచినవాళ్లలో రెండు పెద్ద సంస్థల దరఖాస్తులను, ఇవి పని చేసి చూపించలేవని 2022 ఆగస్టులో అక్కడి నియంత్రణ సంస్థే తిరస్కరించింది. ఆ ఊళ్లకు అన్నేళ్లు వృథా. ఎందుకంటే ఒకరికి కేటాయించిన ఊరికి ఇంకొకరు సాయం అడగడానికి వీల్లేకపోయింది.

ఈ విషయంలో మనకు దగ్గరి పాఠం ఒకటి ఉంది, అది ఇంటర్నెట్‌ది కాదు, కరెంటుది. కడప సోలార్ పార్కులో 250 మెగావాట్లకు 2017 ఏప్రిల్‌లో పాట పెడితే యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగింది. అప్పటికి దేశంలోనే అది అతి తక్కువ ధర. ఎండ తప్ప ఇంకేం లేదని మనం తిట్టుకునే నేల మీదికి ఎక్కడెక్కడి కంపెనీలో పోటీ పడి వచ్చాయి. ఎందుకొచ్చాయి? ప్యానెళ్లు పెట్టినందుకు డబ్బులిస్తామని ఎవరూ అనలేదు. కరెంటు తీసి ఇస్తే యూనిట్‌కు ఇంత చొప్పున ఏళ్ల పాటు కొంటామన్నారు. మబ్బు పట్టి కరెంటు రాకపోతే పైసా లేదు. ప్యానెల్ మీద దుమ్ము తుడవాలన్న తపన కంపెనీకే ఉంటుంది, తనిఖీ అధికారి వెంటపడక్కరలేదు.

దానికి రెండో భాగం కూడా చెప్పుకోవాలి. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గాలి, సౌర విద్యుత్ ధరలు ఎక్కువగా ఉన్నాయంటూ ఒప్పందాలను తిరిగి మాట్లాడేందుకు కమిటీ వేసింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. ఒప్పందంలో ఉన్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో తీర్పు వచ్చింది. ధర ఎక్కువా తక్కువా అన్న వాదన పక్కన పెడదాం. ఇచ్చిన మాట మధ్యలో కదులుతుందని తెలిస్తే, తర్వాత వచ్చే వ్యాపారి ఆ భయాన్ని కూడా ధరలో కలుపుకునే వస్తాడు. సాయం మీద ఆధారపడే ఏ పథకానికైనా ఈ చిక్కు ఉంది.

ఇప్పుడు మన తీగ దగ్గరికి వద్దాం. పంచాయతీలన్నింటికీ ఫైబర్ వేసే పథకానికి కేంద్రం 2011లో అనుమతిచ్చింది. అదే తర్వాత భారత్‌నెట్ అయింది. అందులో చాలా కాలం డబ్బు దేనికిచ్చారయ్యా అంటే తీగ వేసినందుకు. కిలోమీటర్ల లెక్క, పంచాయతీల లెక్క. వేసిన కాంట్రాక్టరు బిల్లు తీసుకుని వెళ్లిపోయాక, రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ తీగ తెంపితే అతికించేదెవరు? అతికిస్తే ఎవరికి లాభం? ఎవరికీ లేదు కాబట్టి ఎవరూ అతికించలేదు. 2023 ఆగస్టులో 1,39,579 కోట్ల రూపాయలతో పథకాన్ని మార్చి రాసినప్పుడు, వేసినవాడే పదేళ్లు నడపాలన్న షరతు పెట్టారు. ఇది మంచి మార్పే. నన్నడిగితే ఇంకో అడుగు వేయాలి. సాయంలో పెద్ద వాటా తీగ వేసిన రోజున కాకుండా, ఊళ్లో నెట్ పనిచేసిన నెలనెలకూ లెక్కగట్టి ఇవ్వాలి. సోలార్ యూనిట్ లాగే. నెలలో ఇన్ని గంటలు లైను ఆడింది, ఇంతమంది వాడారు, ఇదిగో నీ సొమ్ము. ఆడని నెలకు లేదు.

నడిపేవాడు ఎవరన్నది కూడా ముఖ్యమే. 2017 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ఫైబర్ ప్రారంభమైనప్పుడు నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్, ఫోను మూడూ అన్నారు. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం మన రాతి నేలలకు సరిపోయే తెలివైన పని. ఇంటిదాకా కనెక్షన్ ఇచ్చే పని ఊరి కేబుల్ ఆపరేటర్లకు ఇవ్వడం ఇంకా తెలివైన పని. కానీ అందరూ 149 గురించి మాట్లాడారు గాని, గాలివానకు తీగ తెగితే నిచ్చెన వేసుకుని స్తంభమెక్కే కేబుల్ అబ్బాయికి అందులో ఎంత మిగులుతుందని అడిగినవాళ్లు తక్కువ. చౌక ధర వినియోగదారుకు వరమే. ఆ ధరలో సర్వీసు చేసేవాడికి కూలి గిట్టకపోతే, ఆరు నెలల్లో చౌకగా దొరికేది ఏమీ ఉండదు.

యాభై దాటినవాళ్లకు ఎస్టీడీ బూత్ గుర్తుండే ఉంటుంది. ఇంటింటికీ ఫోను ఇవ్వలేని రోజుల్లో, బస్టాండు పక్క కొట్టువాడికి ఒక ఫోను, ఒక మీటరు, ప్రతి ఫోన్ కాల్‌కూ కమీషను ఇచ్చారు. దేశమంతా మాట్లాడింది. కొట్టువాడు రాత్రి పదిదాకా తలుపు తీసి ఉంచింది దేశసేవ కోసం కాదు, కమీషను కోసం. పీఎం-వాణి అని 2020 డిసెంబరులో కేంద్రం అనుమతించిన పథకం దానికి వారసురాలే. చిల్లర అంగడి, టీకొట్టు, మందుల షాపు, ఎవరైనా లైసెన్స్ లేకుండా, ఫీజు లేకుండా వైఫై పెట్టి, పదికో ఇరవైకో కూపన్లు అమ్ముకోవచ్చు. ఆలోచన బాగుంది, ఊపు రాలేదు. అంగడివాడు నెట్ అమ్మాలంటే ముందు తాను కొనాలి కదా. ఇంటికైతే వందల్లో ఇచ్చే లైనును అంగడికి వేలల్లో, ఖరీదైన లీజు లైనుగానే తీసుకోమన్నారు. చివరికి 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కల్పించుకుంది. 200 ఎంబీపీఎస్ వేగం వరకు ఉన్న లైనుకు, ఇంటి కనెక్షన్ ధరకు రెండింతలకు మించి అలాంటి అంగళ్ల దగ్గర వసూలు చేయకూడదని చెప్పింది. ప్రభుత్వం జేబు నుంచి రూపాయి పోలేదు. దారికి అడ్డంగా ఉన్న ఒక ధరను పక్కకు జరిపారు. ప్రోత్సాహకమంటే ప్రతిసారీ సబ్సిడీయే కానక్కరలేదు.

ఇంకొక వనరు మన కళ్లెదుటే ఉంది. ఊళ్లో సచివాలయం, బడి, ఆరోగ్య కేంద్రం, రేషన్ దుకాణం, అన్నింటికీ నెట్ కావాలి. రాష్ట్రంలో పల్లె సచివాలయాలే పదకొండు వేలకు పైగా ఉన్నాయి. ఒక్కో శాఖ ఒక్కో సిమ్ముతో కుస్తీ పట్టే బదులు, ఊరి మొత్తానికి ఒకే లైను కొని, ప్రతి నెలా ఫలానా తేదీకి బిల్లు కడతామని ప్రభుత్వం రాసిస్తే, ఆ ఆపరేటర్‌కు మొదటి గట్టి ఖాతాదారు దొరికినట్టే. ఆ కాగితం చూపించి బ్యాంకులో అప్పు కూడా తెచ్చుకోగలడు. పాత బకాయిలు కట్టని శాఖ రాసిచ్చిన కాగితానికి బ్యాంకులో ఏం విలువ ఉంటుందో మాత్రం చెప్పలేను.

చివరగా, ఢిల్లీలో రాసే నిబంధనల్లో కనబడని ఒక విషయం. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు సగం ఊళ్లు ఖాళీ అయ్యే నెలలున్నాయి. మిరప కోతలకని, పత్తి తీతకని గుంటూరు వైపు, తెలంగాణ వైపు సుగ్గికి పోతారు. ఇళ్లకు తాళాలు, ఊళ్లో ముసలివాళ్లు మాత్రం. అలాంటి ఊళ్లో ఇంతమంది వాడితేనే డబ్బు అని నెలవారీ షరతు పెడితే, ఆపరేటర్ ఆ నాలుగు నెలలూ మునుగుతాడు, ఐదో నెలకు దుకాణం కట్టేస్తాడు. వలస పోయినవాళ్లు తిరిగొచ్చేసరికి నెట్ ఉండదు. కాబట్టి అక్కడ వాడకాన్ని ఏడాది సగటు మీద లెక్కించాలి. ఇరవై ఎనిమిది రోజుల రీచార్జీ కూడా ఈ కుటుంబాలకు కుదరదు. పని ఉన్న వారం కొనగలరు, లేని వారం కొనలేరు. రోజుకో కూపన్, గంటకో కూపన్ అమ్మే అంగడి వైఫై వీళ్లకు ఎక్కువ సరిపోతుంది. ఈ రెండు షరతులూ టెండర్ కాగితంలో మండలానికో రకంగా రాసుకునే వీలు జిల్లా కలెక్టరుకు ఇవ్వాలి. మడకశిరకు పనికొచ్చేది కోసిగికి పనికిరాదు.

నమస్కారం.