నీలి చందమామ ఎప్పుడొస్తుంది?

శ్రోతలకు నమస్కారం.

ఈ పూట ఒకే ఒక్క ఇంగ్లీషు పలుకుబడి గురించి మాట్లాడతాను. వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్. నీలి చందమామ కనబడినప్పుడు ఒకసారి అని మాటలకు అర్థం. ఎప్పుడో గానీ జరగదని భావం. "ఏం నాయనా, అమావాస్యకో పున్నానికో ముఖం చూపిస్తావు!" అని మన ఇళ్లలో పెద్దవాళ్లు నిష్ఠూరమాడతారు కదా, ఇంచుమించు అదే మాట.

చందమామ నీలంగా ఉండటమేమిటి అన్న సందేహం మీకే కాదు, పూర్వపు ఇంగ్లీషువాళ్లకూ ఉండేది. 1528లో ఇంగ్లీషులో అచ్చయిన ఒక చిన్న పుస్తకం మతాధికారులను ఎత్తిపొడుస్తూ, చంద్రుడు నీలంగా ఉన్నాడని వాళ్లంటే మనం నిజమేనని నమ్మి తీరాలట, అంటుంది. అంటే అప్పట్లో నీలి చంద్రుడు మన కుందేటి కొమ్ము వంటివాడు. లేనేలేనివాడు. పందొమ్మిదో శతాబ్దం మొదటి సగానికి ఆ మాటకు ముందు 'ఒకసారి' వచ్చి చేరింది. ఎన్నడూ లేదన్న అర్థం పోయి, ఎప్పుడో గానీ లేదన్న అర్థం నిలిచింది. తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ, ఈ పలుకుబడికి ప్రాణం ఆ తేడాలోనే ఉంది.

నిజానికి చంద్రుడు నీలంగా కనబడతాడు. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రా దీవుల మధ్య ఉన్న క్రకటోవా అగ్నిపర్వతం బద్దలైంది. ముప్పై ఆరు వేల మందికి పైగా చనిపోయారు. ఆకాశానికెగసిన ధూళి భూమి చుట్టూ తిరిగింది. ఎన్నో దేశాలలో సూర్యచంద్రుల రంగు మారిపోయింది. ఆ సెప్టెంబరులో మద్రాసులో సూర్యుడు ఆకుపచ్చగా కనబడ్డాడు. అక్కడి క్రైస్తవ కళాశాలలో భౌతికశాస్త్రం బోధించే మిచీ స్మిత్ దాన్ని పరిశీలించి రాసిపెట్టారు కూడా. మన కోస్తా, రాయలసీమ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. ఆ రోజుల్లో తలెత్తి చూసిన మన ముత్తాతలు ఏమనుకున్నారో కదా!

మామూలుగా ధూళి పట్టిన ఆకాశంలో చంద్రుడు ఎర్రబడతాడు. నీలంగా కనబడాలంటే గాలిలోని రేణువులు దాదాపు అన్నీ ఒకే పరిమాణంలో ఉండాలి. అదీ ఎర్రటి కాంతి తరంగం పొడవు కంటే కాస్త పెద్దగా, సుమారు ఒక మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉండాలి. అప్పుడు ఎరుపు పక్కలకు చెదిరిపోయి, నీలం మన కంటికి చేరుతుంది. 1950 సెప్టెంబరులో కెనడా అడవులు తగలబడినప్పుడు ఆ పొగ అట్లాంటిక్ దాటి వెళ్లి, స్కాట్లండులో సూర్యుణ్ని నీలంగా చూపించింది. రేణువులన్నీ అలా ఒకే తీరుగా కుదరడం ఎంత అరుదో చూడండి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ. ఒకే ఇంగ్లీషు నెలలో రెండు పౌర్ణములు వస్తే, రెండోదాన్ని బ్లూ మూన్ అంటారని మీరు వినే ఉంటారు. 2023 ఆగస్టు చివర రాఖీ పౌర్ణమినాడు వార్తల్లో అదే చెప్పారు. ఇదేదో తాతల కాలం నాటి లెక్క అనుకుంటాం. కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు రైతుల పంచాంగం ఒకటి ఉండేది. అందులో లెక్క వేరు. మూడు నెలల ఋతువుకు మామూలుగా మూడు పౌర్ణములు. ఎప్పుడైనా నాలుగు వస్తే, వాటిలో మూడోది నీలి చందమామ. నాలుగోది కాదు, మూడోది. ఆ లెక్కన చూస్తే 2024 ఆగస్టు 19న వచ్చిన రాఖీ పౌర్ణమే అసలైన నీలి చందమామ!

1946 మార్చిలో జేమ్స్ హ్యూ ప్రూయెట్ అనే ఖగోళ ప్రియుడు 'స్కై అండ్ టెలిస్కోప్' పత్రికకు ఒక వ్యాసం రాశారు. 1937 నాటి ఆ పంచాంగం సంగతి ప్రస్తావిస్తూ, పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు ఏడాదికి పదమూడు పౌర్ణములు వస్తాయి కనుక ఏదో ఒక నెలలో రెండు పడతాయని, ఆ రెండోదే బ్లూ మూన్ అయి ఉంటుందని తన ఊహ చెప్పారు. ఊహ అనే చెప్పారు పాపం. ఆ ఊహ పత్రికలోనే ఉండిపోయేది. 1980 జనవరిలో అమెరికాలో ఒక ఖగోళ విజ్ఞాన రేడియో కార్యక్రమం దాన్ని లోకానికి వినిపించింది. ఆ తరువాత ఒక ప్రశ్నల ఆట పెట్టెలోకి ఎక్కింది. అంతే, ఇక ఆగలేదు. 1999లో ఆ పత్రికే పాత పంచాంగాలు తిరగేయించి, పొరపాటు మా దగ్గరే మొదలైందని అచ్చువేసింది. యాభై మూడేళ్ల తరువాత! ఆ నిజాయితీ అంటే నాకెంతో గౌరవం. రేడియోలో ఒకసారి అన్న మాట ఎంత దూరం పోతుందో తలచుకున్నప్పుడల్లా, మైకు ముందు కూర్చునేవాళ్లం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలనిపిస్తుంది.

పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అనగానే పంచాంగం తెలిసిన శ్రోతలు తలాడించి ఉంటారు. మన అధిక మాసాల లెక్కా అదే. పందొమ్మిది సౌర సంవత్సరాలు అంటే దాదాపు 235 చాంద్రమాసాలు. ఏడాదికి పన్నెండు చొప్పున తీసేస్తే ఏడు మిగులుతాయి. వాళ్లు మిగిలిన పౌర్ణమికి పేరు పెట్టారు, మనం మిగిలిన నెలకు పేరు పెట్టాం. 2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆగస్టు మొదట్లో వచ్చింది అధిక శ్రావణ పౌర్ణమి, నెలాఖరున వచ్చింది నిజ శ్రావణ పౌర్ణమి. ఆకాశంలో చందమామ ఒక్కడే కదా!

సరే, వాడుక సంగతి. పరీక్షలు రాసే పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు ఈ ఒక్కటీ పట్టుకుంటే చాలు. అప్పుడప్పుడూ, చాలా అరుదుగా, మళ్లీ మళ్లీ జరిగే పనికే ఈ మాట వాడాలి. "మా బావగారు ఊరికి రావడం ఎప్పుడో గానీ ఉండదు" అనే చోట చక్కగా అతుకుతుంది. "నాన్నగారు సినిమాకు రావడం అరుదు" అనే చోటా బాగుంటుంది. "నిన్న మా ఊళ్లో వడగళ్లు పడ్డాయి" అని ఒకసారి జరిగినదాన్ని చెప్పేటప్పుడు వాడకూడదు. ఏడాదికోసారి తప్పకుండా వచ్చే సంక్రాంతికీ పనికిరాదు, ఎందుకంటే అది ఎప్పుడొస్తుందో అందరికీ తెలుసు. జన్మకొక్కసారి దొరికే అవకాశానికీ వాడకూడదు, దానికి ఇంగ్లీషులో వేరే మాట ఉంది. ఇంకొకటి. ఇది నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటి మాట. బ్యాంకుకు రాసే అర్జీలో, పై అధికారికి పంపే నివేదికలో 'చాలా అరుదుగా' అనే అర్థమిచ్చే మామూలు మాటే రాయండి. స్నేహితుడికి రాసే ఉత్తరంలో మాత్రం నీలి చందమామను నిస్సంకోచంగా పిలవండి.

నమస్కారం.