ఎర్త్ చూడకుండా ఆల్టర్నేటర్ మార్పించిన రోజు

(విజయవాడ ఆటోనగర్‌లో ఆయుధ పూజ రోజున కొత్తగా పనిలోకి వచ్చిన కార్ ఎలక్ట్రీషియన్ల ముందు చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీదున్న పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవడం మర్యాద. కానీ ఎదురుగా కుర్రాళ్లు పొద్దున్నించి పనిముట్లు కడిగి, బొట్లు పెట్టి, ఏమీ తినకుండా కూర్చున్నారు. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని అందరికీ కలిపి ఒకే నమస్కారం పెడుతున్నాను. పెద్దలు మన్నించాలి.

ఆండ్రాయిడ్ స్టీరియోల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను. అంతకంటే ముందు ఇంకో సంగతి ఉంది.

కారు స్టార్ట్ చేయగానే స్పీకర్లలో కుయ్యిమని ఒక గోల మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే సన్నబడి పైకి పోతుంది, కాలు తీస్తే కిందికి దిగుతుంది. ఆటోనగర్‌లో ఆ గోల వినని షాపు లేదు. అది వినపడగానే మనం ఏం చేస్తున్నాం? స్టీరియో నుంచి ఆంప్‌కి, అంటే సౌండ్ పెంచే ఆంప్లిఫయర్‌కి, పాట మోసే ఆర్‌సీఏ వైర్లు మారుస్తాం. తగ్గదు. ఫిల్టర్ డబ్బా బిగిస్తాం. కాస్త తగ్గినట్టుంటుంది. చివరికి ఆంప్ పోయిందంటాం. నేనైతే ఏకంగా ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరే మార్పించాను. ఆ సంగతి చెప్పడానికే ఇవాళ ఒప్పుకున్నాను.

2001. మంగళగిరి నుంచి ఒకాయన సుమో తెచ్చాడు. సొంత బండి, ఆయనే డ్రైవరు. శబరిమల సీజన్ దగ్గర పడుతోంది, స్వాములు దారి పొడుగునా భజన పాటలు పెట్టమంటారు కదా, మంచి సౌండ్ కావాలన్నాడు. సీటు కింద ఆంప్, నాలుగు స్పీకర్లు పెట్టి పంపాను. మర్నాడే తిరిగొచ్చాడు. కుయ్యిమంటోంది. రెండుసార్లు రేస్ చేసి విన్నాను. వోల్టులు కొలిచే మీటర్ తీయలేదు. "ఆల్టర్నేటర్‌లో డయోడ్లు పోయాయి" అన్నాను. "ఖాయమేనా అన్నా?" అని అడిగాడు. ఖాయమన్నాను. 4,200 రూపాయలు. బండి ఇన్సూరెన్స్ కట్టడానికి దాచుకున్న డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

కొత్త ఆల్టర్నేటర్ ఎక్కించి స్టార్ట్ చేశాం. అదే గోల.

ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. సీట్లో కూర్చుని వాల్యూం తగ్గించుకుంటూ సున్నా దాకా వచ్చాడు. పాట పోయింది. గోల మాత్రం ఇంచు కూడా తగ్గలేదు. నా వంక చూశాడు. బాబూ, రోగం ఏంటో ఆ మనిషి వేలితో తిప్పి చూపించాడు, నాకు అర్థం కాలేదు. వాల్యూంతో పాటు పెరిగి తగ్గే గోల స్టీరియో కంటే ముందు నుంచి వస్తుంది. వాల్యూం సున్నా చేసినా అలాగే ఉండే గోల స్టీరియో దాటిన తర్వాత చొరబడుతుంది. ఇది తెలుసుకోవడానికి మీటర్ కూడా అక్కర్లేదు, బటన్ తిప్పితే చాలు.

పక్క షాపు నుంచి మా గురువుగారు టీ గ్లాసుతో వచ్చారు. "మీటర్ పెట్టావా?" అన్నారు. లేదన్నాను. గ్లాసు బానెట్ మీద పెట్టి, ఆంప్ దగ్గర ఆర్‌సీఏ పిన్నులు రెండూ పీకేశారు. గోల ఆగిపోయింది. అంటే ఆంప్ మంచిదే, గోల ఆ వైరు మీదుగా వస్తోంది. పాటలు పెట్టి, మీటర్ నల్ల తీగ బ్యాటరీ మైనస్‌కి, ఎర్ర తీగ ఆంప్ ఎర్త్‌కి, అంటే ఆంప్ నుంచి కారు బాడీకి బిగించే మైనస్ వైరుకి, ఆనించారు. 0.1 వోల్ట్ లోపు ఉండాల్సింది, 0.6 చూపించింది. మ్యాట్ ఎత్తారు. నేను ఎర్త్‌ని సీటు బోల్టు కింద బిగించాను. బోల్టు ఊడదీసి లగ్, అంటే వైరు చివరి రింగు, పక్కకు జరిపితే దాని కింద పెయింట్ షోరూంలో ఉన్నట్టు మెరుస్తోంది. లగ్ అంచు నొక్కుకున్న చోట గుండ్రంగా సన్నని గీత, అంతే. ఇనుము కనపడనే లేదు.

ఆయన బ్లేడుతో అక్కడ గీకడం మొదలుపెట్టారు. తెల్లగా ఇనుము తేలేదాకా గీకి, లగ్ బిగించి, తుప్పు పట్టకుండా పైన వాజిలిన్ రాశారు. స్టార్ట్ చేయమన్నారు. స్పీకర్లలో చిన్న చప్పుడు కూడా లేదు. ఆయన వెళ్లి టీ తాగారు, అది ఇంకా వేడిగానే ఉంది.

సాయంత్రం పాత ఆల్టర్నేటర్‌ని బెంచీ మీద పెట్టి చూశాను. డయోడ్లన్నీ బాగున్నాయి. ఆ 4,200 నేను తిరిగివ్వలేదు. ఆయన అడగలేదు. ఈసారి వచ్చినప్పుడు ఇద్దామనుకున్నాను. మళ్లీ రాలేదు. ఇప్పటికీ మాల సీజన్‌లో వారధి మీద నల్లబట్టల స్వాములతో పాత సుమో ఏదైనా పోతుంటే, నంబర్ ప్లేట్ చూస్తాను.

అసలు ఆ గోల ఎందుకొస్తుంది? ఆల్టర్నేటర్ లోపల పుట్టేది ఏసీ కరెంటు, మూడు ఫేజులు. డయోడ్లు దాన్ని డీసీ చేస్తాయి. పూర్తిగా నున్నగా చేయలేవు, సన్నని అలలు మిగులుతాయి. ఆరు జతల ధ్రువాలున్న ఆల్టర్నేటర్ నిమిషానికి 2,000 సార్లు తిరిగితే ఆ అలలు సెకనుకు 1,200 వస్తాయి. రేస్ చేస్తే ఆ లెక్క మూడు వేలు దాటిపోతుంది. మనిషి చెవికి బాగా గుచ్చుకునే శ్రుతి అదే. అంటే అలలు బాగున్న ఆల్టర్నేటర్‌లో కూడా ఉంటాయి. అవి స్పీకర్ దాకా రావడానికి దారి ఇచ్చింది మనం.

మన కాలవలనే చూడండి. బందరు కాలవలో పూడిక చేరితే నీళ్లు ఆగుతాయా? గట్టు తెంపుకుని పక్క చేలో పడతాయి. ఆంప్ కరెంటు కూడా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్లాలి. బాడీ ఎర్త్ సరిగ్గా పట్టుకోకపోతే ఆర్‌సీఏ వైరు లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగు మీదుగా, స్టీరియో ఎర్త్‌లోంచి దారి వెతుక్కుంటుంది. ఆ తొడుగు పాట మోసే దారి. అలలన్నీ పాటలో కలిసిపోతాయి. అందుకే చెప్తున్నాను, ఎర్త్ వైరు పొట్టిగా ఉండాలి, మూరెడు మించకూడదు. ప్లస్ వైరు ఎంత లావో ఇదీ అంత లావు. సీటు బోల్టు, సీటు బెల్టు బోల్టు వద్దు, వాటి మీద మనుషుల ప్రాణాలున్నాయి. ప్లస్ వైరు ఒక పక్క నుంచి, ఆర్‌సీఏ ఇంకో పక్క నుంచి లాగండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కనే పడుకోబెట్టొద్దు.

ఆల్టర్నేటర్ మీద అనుమానం వస్తే దానికీ పరీక్ష ఉంది. ఇంజన్ నడుస్తుండగా మీటర్‌ని ఏసీ వోల్టుల మీద పెట్టి బ్యాటరీ మీద చూడండి. అర వోల్ట్ దాటితే అప్పుడు డయోడ్ల మాట ఎత్తండి. దాటకపోతే ఎత్తొద్దు.

ఇప్పటి గోల్లో సగం ఫోన్‌దే. సిగరెట్ సాకెట్‌లో ఛార్జర్, అదే ఫోన్ నుంచి స్టీరియోకి పాట పంపే ఆక్స్ వైరు. ఛార్జర్ పీకితే గోల పోయిందా, ఎర్త్ లూప్, అంటే ఎర్త్‌కి రెండు దారులు ఏర్పడి వచ్చే చిక్కు, అక్కడే ఉంది. అలాంటి చోట ఆ లూప్‌ని తెంపే ఐసోలేటర్ డబ్బా పెట్టండి, నేనూ పెడతాను. ఆంప్ గోలకి మాత్రం దాన్ని ముందే అమ్మకండి. అది జ్వరం మాత్ర లాంటిది, ఎర్త్ రోగం అలాగే ఉంటుంది. పైగా నాసిరకం డబ్బా అయితే బేస్ తినేస్తుంది.

ఇంకొకటి, మా గురువుగారి కోసం చెప్పాలి. ఆయన పెట్రోల్ కారులో తెల్లవారుజామున మీడియం వేవ్‌లో విజయవాడ స్టేషన్ పెట్టి భక్తిరంజని వినేవారు. మధ్యలో టిక్కుటిక్కుమనేది. అది ఆల్టర్నేటర్ కాదు, స్పార్క్ ప్లగ్. నంబర్‌లో ఆర్ అక్షరం ఉన్న ప్లగ్గులు, అంటే లోపల రెసిస్టర్ ఉన్నవి వేశాక తగ్గింది. డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ ఉండదు, ఆ బాధా ఉండదు. కూత వేరు, టిక్కు వేరు. ముందు వినండి బాబూ. చేయి పెట్టేముందు వినండి.

మీటర్ పెట్టకుండా "ఖాయం" అనకండి. ఇది బతిమాలుతున్నాను. మీ ముందు నిలబడిన మనిషి ఆ డబ్బు దేనికి దాచుకున్నాడో మీకు చెప్పడు.

ఆండ్రాయిడ్ స్టీరియోల సంగతికి టైం లేదు, ఇంకోసారి చెప్పుకుందాం. బయట వేపచెట్టు కింద తెల్ల స్విఫ్ట్ ఉంది, మనవాళ్లదే. నిన్నటి నుంచి కూస్తోంది. తప్పు ఎక్కడుందో నేను చూడలేదు, మీకోసమే వదిలేశాను. పులిహోర పది నిమిషాలు ఆగుతుంది. మీటర్ ఇదిగో. ముందు కూర్చుని వాల్యూం సున్నా చేసేది ఎవరు? రండి.