కణంలో మౌనంగా ఉన్న జన్యువులు

సభకు నమస్కారం.

కంటి రెటీనాలో వెలుగును పట్టుకునే రోడాప్సిన్ అనే ప్రోటీనుకు సంబంధించిన జన్యువు మన కాలేయ కణాల్లోనూ చెక్కుచెదరకుండా ఉంది. అక్కడ మాత్రం అది పలకదు, అంటే దాని నుంచి ప్రోటీన్ తయారుకాదు. మనిషిలో ప్రోటీన్లను తయారుచేయించే జన్యువులు సుమారు 20,000; దాదాపు ప్రతి కణంలోనూ అవన్నీ ఉంటాయి. వాటిలో ఏవి పలకాలో, ఏవి ఊరుకోవాలో తేలడంలోనే ఒక కణం కాలేయ కణంగానో కండర కణంగానో స్థిరపడుతుంది. తమ జన్యువుల్లో కొన్నింటిని కత్తిరించి అతికించుకునే లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు, కేంద్రకాన్నే వదులుకునే ఎర్రరక్తకణాలు మాత్రం ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయన్న మాటకు మినహాయింపులు.

ఫలదీకరణ చెందిన అండం పిండాన్నే కాక మాయను (ప్లాసెంటాను) కూడా నిర్మించగలదు కనుక దాన్ని టోటిపోటెంట్ అంటారు. కొద్ది రోజులకు పిండం లోపలి గుత్తిలో ఏర్పడే ప్లూరిపోటెంట్ కణాలు దేహంలోని ఏ రకం కణంగానైనా మారగలవు గాని, మాయ సహా పిండాన్ని సొంతంగా నిర్మించుకోలేవు. ఎముక మజ్జలోని రక్త మూలకణాలు మల్టీపోటెంట్, అంటే వాటి సామర్థ్యం రక్తకణాల జాతికే పరిమితం. ఈ మెట్లు దిగుతున్నకొద్దీ కణం పోగొట్టుకుంటున్నది ఏమిటి?

అక్కరలేని వంశపారంపర్య పదార్థాన్ని కణం విభజన క్రమంలో వదిలేస్తుందని 19వ శతాబ్దం చివర ఆగస్ట్ వైస్‌మన్ ఊహించారు. తర్కానికి నిలిచే ఊహే, కాని తప్పు. 1962లో జాన్ గర్డన్ కప్ప గుడ్డులోని కేంద్రకాన్ని అతినీలలోహిత కిరణాలతో నిర్వీర్యం చేసి, తోకకప్ప పేగు కణపు కేంద్రకాన్ని అందులో ప్రవేశపెట్టారు. నూటికి ఒకటి రెండు మాత్రమే తోకకప్పలుగా ఎదిగాయి. అయినా పేగు కణంలో తోకకూ కళ్లకూ కావలసిన జన్యువులన్నీ భద్రంగా ఉన్నాయని చెప్పడానికి ఆ కొద్దిపాటివే చాలు. 2006లో షిన్యా యమనాకా, కజుతోషి తకహాషి 24 జన్యువులను ఎంచుకుని, ఒక్కొక్కటే తీసేస్తూ పరీక్షించి, నాలుగింటితోనే చుంచెలుక ఫైబ్రోబ్లాస్ట్ (బంధక కణజాల) కణాన్ని ప్లూరిపోటెంట్ స్థితికి వెనక్కి నడిపించారు. 2012 నోబెల్ బహుమతిని గర్డన్, యమనాకా పంచుకున్నారు.

జన్యువును స్విచ్చుతో పోల్చడం మనకు అలవాటు. నాకు ఆ పోలిక అంతగా నచ్చదు. ఒక కణంలో దాదాపు రెండు మీటర్ల డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్ల చుట్టూ, ఒక్కో చుట్టకు 147 అక్షర జంటల చొప్పున, చుట్టుకుని ఉంటుంది. ఆ చుట్ట సడలాలి, నియంత్రక ప్రోటీన్లు వచ్చి అతుక్కోవాలి, ఎంతో దూరాన ఉండి జన్యువు పలుకును పెంచే వర్ధక భాగం (ఎన్‌హాన్సర్) వంగి జన్యువు మొదటిదాకా చేరాలి. అప్పుడు గాని అనులేఖనం, అంటే జన్యువు నుంచి ఆర్‌ఎన్‌ఏ నకలు తీయడం, జోరందుకోదు, అది కూడా హెచ్చుతగ్గులతోనే. జన్యువులను సాధారణంగా మౌనంగా ఉంచే, డీఎన్‌ఏ మీది మిథైల్ అనే రసాయన గుర్తులను కణవిభజన వేళ ఒక ఎంజైము కొత్త పోగు మీదకు కూడా ఎక్కిస్తుంది. కాలేయ కణానికి కాలేయ కణమే పుట్టడానికి ఇదొక కారణం.

ఈ నియంత్రణ నేడు వైద్యానికి అక్కరకొస్తోంది. గర్భంలోని శిశువు హిమోగ్లోబిన్‌లో గామా అనే ప్రోటీన్ గొలుసులుంటాయి; పుట్టాక బీసీఎల్11ఏ అనే ప్రోటీన్ గామా జన్యువులను అణచివేయగా, బీటా గొలుసులు ఆ చోటు తీసుకుంటాయి. సికిల్‌సెల్ వ్యాధిలో లోపమున్నది బీటా జన్యువులో. గామా పక్కనే నిక్షేపంగా ఉంది, పలకడం లేదంతే. 2023 చివర బ్రిటన్, అమెరికా ఆమోదించిన, డీఎన్‌ఏను ఎంచుకున్న చోట కత్తిరించే క్రిస్పర్ చికిత్సలో రోగి రక్త మూలకణాలను బయటికి తీసి, బీసీఎల్11ఏ జన్యువు జోలికి పోకుండా, ఎర్రకణాల వరుసలో దాన్ని పలికించే వర్ధక భాగాన్ని మాత్రమే కత్తిరిస్తారు. గామా తిరిగి పలుకుతుంది. మజ్జలోకి చేరిన ఆ మూలకణం నుంచి పుట్టే తెల్లకణాల్లోనూ అదే కత్తిరింపు ఉంటుంది. అయితే ఆ వర్ధకం మీద ఆధారపడేది ఎర్రకణాల వరుస కనుక, తెల్లకణాల్లో బీసీఎల్11ఏ తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.