కొండ లోపలి నీళ్లు

అందరికీ నమస్కారమండీ. ఆదివారం పొద్దున్నే ఇంతమంది వస్తారనుకోలేదు, చాలా సంతోషం. మనం తిరుపతోళ్లం, తలుపు తీస్తే ఎదురుగా కొండే, అయినా ఆ కొండ చుట్టూ 353 చదరపు కిలోమీటర్ల అడవి 1989 నుంచి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ అని మనలో చాలామందికి పట్టదు, దర్శనం టికెట్టు దొరికిందా లేదా అంతే.

చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్క, దేవాంగపిల్లి... వీటి గురించి మీరు వింటానే ఉంటారు. నేను రాయి గురించి చెప్తా. ఘాట్ రోడ్డులో బోర్డు పెట్టిన చోట చూడండి, కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు, అంటే బాగా గట్టిపడిన ఇసుకరాయి, రెండిటికీ మధ్య ఒక గీత. కింది రాయికీ పైరాయికీ వయసులో సుమారు 80 కోట్ల ఏళ్ల తేడా అండీ! బస్సు దాన్ని అర నిమిషంలో దాటేస్తుంది.

ఆ పైరాయి నిండా పగుళ్లే. వాన పడితే నీళ్లు అందులోకి ఇంకిపోయి, నిదానంగా ఏ లోయలోనో ఊటగా బయటికొస్తాయి, అందుకే గట్టు మీద ఎండకి మాడే రాళ్లలో ఎర్రచందనం ఉంటే, కింద తలకోన లోయలో 270 అడుగుల జలపాతం, చెట్లను చుట్టేసుకున్న గిల్లతీగ, చల్లని నీడ. ఎర్రచందనం చేవ పట్టాలంటే దశాబ్దాలు పడుతుంది, నరకడానికి మాత్రం ఒక్క రాత్రి చాలు, తల్చుకుంటే నాకు కడుపు మండుతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం బంగారు బల్లి. ఒకసారి సాయంత్రం వాగు పక్కన తడిరాయి మీద చూశా, పసుపుకొమ్ము అతికించినట్టుంది. ఇంత పసుపు రంగు మగదానికి, అదీ జత కట్టే కాలంలోనే. పక్కన పగులులో గుడ్లు, తెల్లగా గుండ్రంగా రాతికే అంటుకుని, ఒకటి కాదు చాలా ఆడబల్లులు ఒకే చోట పెడతాయి, పిల్లలు బయటికొచ్చేసిన పాత పెంకుల గుర్తులు కూడా అట్లే ఉన్నాయి. ఆ పగులులోనే ఎవరో నీళ్ల బాటిల్ ఒకటి దూర్చి పెట్టినారు. గుడ్లకు తగలకుండా దాన్ని బయటికి తీయడానికి నాకు పది నిమిషాలు పట్టింది.