అందం పేరుతో గుర్రాలకి చేస్తున్నది
(ప్రపంచ పశువైద్య దినోత్సవం సందర్భంగా ఒక పశువైద్య కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)

డీన్ గారికి, నాకు పాఠాలు చెప్పి ఇవాళ ముందు వరుసలో కూర్చున్న మా మాస్టారికి, అధ్యాపకులకి, విద్యార్థులందరికీ నమస్కారం. శాలువా, మెమెంటో చివర్లో పెట్టుకుందామని నేనే అడిగాను. భోజనాల వేళలోపు నాకిచ్చిన టైమంతా మాట్లాడటానికే కావాలి.

నాకిచ్చిన అంశం "అశ్వ వైద్యంలో ఉద్యోగావకాశాలు". పందేల క్లబ్బులున్నాయి, మేలుజాతి గుర్రాల్ని పుట్టించి పెంచే స్టడ్ ఫారాలున్నాయి, పోలీసు అశ్వదళాలున్నాయి, సైన్యంలో జంతువుల బాగోగులు చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ ఉంది. ఎక్కడ ఎలా దరఖాస్తు చేయాలో కాగితం మీద రాసి మీ ప్లేస్‌మెంట్ మాస్టారి చేతికిచ్చాను. అది చదువుకుంటే సరిపోతుంది. ఆ ఉద్యోగంలో చేరాక మీ దగ్గరికి వచ్చే ఒక మనిషి గురించి మాత్రం కాగితం మీద రాయడం కుదరదు. వాడు మంచి బట్టలు వేసుకుని, మంచి గుర్రాన్ని తోలుకుని, చాలా మర్యాదగా వస్తాడు. "డాక్టరు గారూ, ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తున్నాం, చిన్న పని" అంటాడు. ఆ చిన్న పని గురించే ఇవాళ నేను మాట్లాడబోతున్నాను.

మా చెల్లెలి కుటుంబం అమెరికాలో నాష్‌విల్‌లో ఉంటుంది. అక్కడికి గంట ప్రయాణంలో షెల్బీవిల్ అనే ఊరు. 1939 నుంచి అక్కడ ఏటా ఆగస్టు చివర్లో టెన్నెసీ వాకింగ్ హార్స్ పోటీలు జరుగుతాయి. ఆ జాతి గుర్రం గురించి ముందు ఒక మాట. టెన్నెసీ రాష్ట్రం నడిమి ప్రాంతంలో పెద్ద పెద్ద భూములున్నవాళ్ళు రోజంతా జీను మీద కూర్చుని పొలాలు చూసుకోవడానికి పెంచుకున్న గుర్రం ఇది. నడకలో కుదుపు ఉండదు. వేగంగా నడుస్తున్నా పైన కూర్చున్నవాడి నడుము నొప్పెట్టదు. స్వభావం కూడా నెమ్మది. పిల్లల్ని ఎక్కించుకోవచ్చు. దానికి దేవుడిచ్చిన నడకే అంత బాగుంటుంది. లాడం మామూలుగా కొట్టి, ఉన్న నడకని ఉన్నట్టు చూపించే పోటీలు కూడా అక్కడ ఉన్నాయి. అవి చూస్తే నాకు కడుపు నిండింది.

కానీ జనం అంతా లేచి నిలబడి కేకలు వేసేది ఇంకో రకం పోటీకి. దాన్ని "బిగ్ లిక్" అంటారు. గుర్రం వెనక కాళ్ళ మీద దాదాపు కూలబడినట్టుగా వస్తుంది. ముందు కాళ్ళు రొమ్ముదాకా లేస్తాయి. నేల తగిలీ తగలక ముందే మళ్ళీ లేస్తాయి. తెలియని కళ్ళకి అది గంభీరంగా ఉంటుంది. మనం వైద్యులం కదా, మన కంటికి అది వేరేలా కనిపించాలి. పిల్లలూ, ఒక్కసారి ఆలోచించండి. ముందు కాళ్ళ మీద బరువు వేయలేక వెనక్కి వాలే గుర్రాన్ని మీరు క్లినిక్‌లో చూస్తే కేస్ షీట్‌లో ఏం రాస్తారు? అక్కడ దానికి రిబ్బన్ కడతారు.

ఆ నడక ఎలా వస్తుందో చెప్తాను. గిట్టకి పైన, చీలమండకి కింద ఉన్న సన్నటి భాగం మీద ఆవనూనె సారం, కిరోసిన్, డీజిల్ లాంటివి రాస్తారు. పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, పట్టీ కట్టి, రాత్రంతా ఉంచుతారు. మందు లోపలికి దిగాలని. పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకున్నవాళ్ళకి ఆ మంట ఎలా ఉంటుందో కొంచెం తెలుస్తుంది, కాకపోతే కన్ను కడుక్కుంటే తగ్గుతుంది. తర్వాత ఆ పచ్చి చర్మం మీద గొలుసు వేస్తారు. పోటీలో 6 ఔన్సుల దాకా, అంటే సుమారు 170 గ్రాముల గొలుసుకి నిబంధనలే అనుమతి ఇస్తాయి. చూడటానికి తేలికే. అడుగు వేసిన ప్రతిసారీ అది పుండు మీద పడుతుంది. గుర్రం కాలు విసురుతుంది. ఆ విసురుకే చప్పట్లు.

గిట్ట కింద ఎత్తైన మెత్తలు పెడతారు. కొందరు గిట్టని మెత్తటి భాగం బయటపడేదాకా కోసి, దాని మీద లాడం కొడతారు. మెత్తకీ అరికాలికీ మధ్య గట్టి వస్తువు ఇరికించేవాళ్ళున్నారు. మచ్చలు కనపడకుండా ఉండాలని శాలిసిలిక్ యాసిడ్‌తో చర్మం పొర లేపేస్తారు.

అన్నిటికంటే నాకు నిద్ర పట్టనివ్వనిది ఇంకోటి. పోటీకి ముందు తనిఖీ ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ గుర్రం కాలు ఎత్తి, ఆ సన్నటి భాగాన్ని బొటనవేలితో ముందూ వెనకా మెల్లగా నొక్కుకుంటూ వస్తాడు. నొప్పి ఉంటే గుర్రం కాలు లాక్కుంటుంది. అందుకని శిక్షకులు ఇంటి దగ్గరే దొంగ తనిఖీ పెడతారు. ఒకడు నొక్కుతాడు, గుర్రం కదిలితే ఇంకొకడు కొడతాడు. మళ్ళీ నొక్కుతాడు. కదలకుండా నిలబడేదాకా అంతే. నొప్పి ఉందని చెప్పుకునే ఒక్క దారిని కూడా మూసేయడం ఇది. గుర్రం అసలే తినబడే జంతువు, అడవిలో నొప్పి దాచుకుంటేనే బతికేది. మన చదువంతా దాని చెవి కదలికనీ కాలి కదలికనీ చదవడమే కదా! ఆ అక్షరాలనే చెరిపేస్తే వైద్యుడు ఇంకేం చదువుతాడు?

చట్టం లేదా అని అడగొచ్చు. ఉంది. సెనేటర్ జోసెఫ్ టైడింగ్స్ పూనికతో 1970 డిసెంబరులో అశ్వ రక్షణ చట్టం వచ్చింది. 1976లో సవరించారు. ఆ సవరణతో తనిఖీ చాలావరకు పోటీలు పెట్టేవాళ్ళే నియమించుకునే మనుషుల చేతిలోకి వెళ్ళింది. ఎవరి జీతం తింటున్నామో వాళ్ళ గుర్రాన్నే ఆపాలి. వ్యవసాయ శాఖ సొంత ఆడిట్ విభాగమే 2010లో ఆ ఏర్పాటు పనికిరాదని చెప్పింది. 2006లో ప్రభుత్వ ఇన్‌స్పెక్టర్లు గట్టిగా నిలబడేసరికి ఆ ఏడాది పెద్ద బహుమతి ఎవరికీ ఇవ్వలేకపోయారు. అంటే గట్టిగా చూస్తే దొరుకుతుందన్నమాట. 2012లో అక్కడి పశువైద్యుల సంఘం, అశ్వ వైద్యుల సంఘం కలిసి గొలుసులూ ఎత్తు మెత్తలూ పూర్తిగా నిషేధించమని కోరాయి. అలా నిషేధించే బిల్లు 2019లో, మళ్ళీ 2022లో దిగువ సభ దాటింది, సెనేట్‌లో ఆగింది. 2024లో ప్రభుత్వం కొత్త నిబంధనలు తెచ్చింది. 2025 జనవరిలో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు వాటిలో ముఖ్యమైనవి కొట్టేసింది. ఈ తారీఖులన్నీ ఎందుకు చెప్తున్నానంటే, శిక్షకుడి వెనక పడ్డారు, ఇన్‌స్పెక్టర్ వెనక పడ్డారు. ఆ నడకకి మార్కులు వేసే జడ్జిని మాత్రం ఎవరూ గట్టిగా అడగలేదు. ఆ నడకకి సున్నా వేసిన మరుసటి ఏడాది ఎవరైనా డీజిల్ డబ్బా కొంటారా?

ఇదంతా అమెరికా గొడవ అనుకునేవాళ్ళు మీలో ఉంటారు. మన దగ్గర సుడుల సంగతి మీ తాతల్ని అడగండి. ఎద్దుకైనా గుర్రానికైనా సుడి చూడందే బేరం కుదరదు. కంటి కింద సుడి ఉంటే యజమానికి కన్నీళ్ళు తప్పవంటారు.

నేను ఉద్యోగంలో ఉండగా ఒకాయన నల్లటి మార్వాడీ ఆడగుర్రాన్ని తెచ్చాడు. మంచి మెడ, చెవులు పైన రెండూ కొసలు కలిసి భలే ఉన్నాయి. ఎడమ కంటి కింద సుడి. "డాక్టరమ్మా, ఒక్క చుక్క యాసిడ్ పెట్టండి, అది పోతుంది, ఎగ్జిబిషన్‌లో కూడా పనికొస్తుంది" అన్నాడు. పెట్టనన్నాను. కంటికి అంత దగ్గర్లో ఎందుకు పెట్టకూడదో కూర్చోబెట్టి చెప్పాను. విన్నాడు, దండం పెట్టి వెళ్ళాడు. కొన్నాళ్ళకి ఆ గుర్రాన్నే తీసుకొచ్చాడు. కంటి కింద చీము, రెప్ప వాచి సగం మూసుకుపోయింది. ఎవరో ఇనుప కడ్డీ కాల్చి పెట్టారు. నా చెయ్యి దగ్గరికి వెళ్తుంటేనే తల పైకెత్తేసి వణికింది. కన్ను దక్కింది. అందుకు ఇప్పటికీ సంతోషిస్తాను.

తర్వాత ఒక ప్రదర్శనలో నాకు ఆరోగ్య తనిఖీ డ్యూటీ వేశారు. వరసలో అదే గుర్రం, నిగనిగలాడుతోంది. కంటి కింద మచ్చే లేదు. స్పిరిట్‌లో ముంచిన దూదితో అక్కడ తుడిచాను. దూది నల్లబడింది. కింద చింతగింజంత మేర తెల్ల వెంట్రుకలు. కాలినచోట వెంట్రుక తెల్లగా మొలుస్తుంది, లేదా అసలు మొలవదు, మీరు చదువుకున్నదే. ఆ దూదిని తీసుకెళ్ళి జడ్జికి చూపించాను. ఆయన కూడా మన చదువే చదివిన మనిషి. "పాత గాయం కదమ్మా, ఇప్పుడు గుర్రం బాగుంది కదా" అన్నాడు. మొదటి బహుమతి దానికే ఇచ్చాడు. నా పైఅధికారి పక్కకి పిలిచి, ప్రదర్శనకి పెద్దవాళ్ళు వచ్చారు, రభస చేయొద్దన్నాడు. చూపించిన దూది చూసి కూడా కాదన్నారే, ఆ బాధ ఇన్నేళ్ళైనా నాకు పోలేదు. అందుకే ఇవాళ ఉద్యోగావకాశాల సభలో నిలబడి ఇది చెప్తున్నాను.

వెనక వరుసలో అబ్బాయి చెయ్యెత్తాడు. ఏది తప్పు, ఏది ఒప్పు, జూలు అల్లడం కూడా తప్పేనా అని కదా, నాన్నా, నువ్వడిగేది? కాదు. ఒళ్ళు కడిగి, దువ్వి, జూలు అల్లి, గిట్టకి నూనె రాసి తీసుకురండి. నేనూ ముచ్చటపడి చూస్తాను. నేను వేసుకునే ప్రశ్న ఒక్కటే. మార్చిన ఆ భాగాన్ని గుర్రం దేనికి వాడుకుంటోంది?

మూతి చుట్టూ ఉండే పొడవాటి మీసాలు చూడండి. నున్నగా కనిపించాలని గొరిగేసేవాళ్ళు. గుర్రానికి సరిగ్గా మూతి ముందున్నది కనిపించదు. మేతలో ముల్లుందా, తొట్టి అంచు ఎక్కడుందా అన్నది ఆ మీసాలతోనే తెలుసుకుంటుంది. ప్రతి మీసం మొదట్లో నరాలుంటాయి. 2021 జూలై 1 నుంచి అంతర్జాతీయ అశ్వ క్రీడా సమాఖ్య ఆ మీసాలు గొరిగిన గుర్రాన్ని తన పోటీల్లోకి రానివ్వడం లేదు. ఒక్క నిబంధనతో గొరిగే పనికి అర్థం లేకుండా పోయింది. నేనందుకే జడ్జి అంటున్నాను, నిబంధన అంటున్నాను.

తోక అంతకంటే ఘోరం. తోక కోయడాన్ని బ్రిటన్ 1949లోనే చట్టం చేసి ఆపింది. అమెరికాలో కొన్ని జాతుల్లో తోక నిటారుగా నిలవాలని తోక కింది కండరం కోసి, కట్టు కట్టి ఉంచుతారు. ఇంకొన్ని పోటీల్లో తోక అసలు కదలకూడదు, కదిలితే గుర్రం చిరాకుగా ఉందని మార్కు తగ్గుతుంది. అందుకని తోక మొదట్లో ఆల్కహాలు ఇంజెక్షన్ ఇచ్చి నరాన్ని చంపుతారు. ఆ ఇంజెక్షన్ వేయడం ఎవరికి చేతనవుతుంది? సూది పట్టడం నేర్పింది మనకే కదా. వానాకాలంలో మన పాకల్లో ఈగలు ఎలా ముసురుతాయో మీకు చెప్పనక్కర్లేదు. చచ్చుబడ్డ తోకతో, ఒంటి మీద పుండుతో ఉన్న గుర్రాన్ని ఒక్క మధ్యాహ్నం చూడండి. చర్మం ఒకటే అదురుతూ ఉంటుంది, తోక మాత్రం లేవదు.

మన జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చింది. 11వ సెక్షన్ కింద అంగాలు కోయడం నేరం. మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. అవును, 50 రూపాయలే. బహుమతి గెలిచిన గుర్రం లక్షల్లో పలికే చోట ఆ జరిమానా ఎవరిని ఆపుతుంది? దాన్ని పెంచమని అడుగుదాం, అడుగుతూనే ఉందాం. పార్లమెంటు మన చేతిలో లేదు. సూది మన చేతిలో ఉంది, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం మన చేతిలో ఉంది, చాలాచోట్ల జడ్జి కుర్చీ కూడా మనవాళ్ళదే.

మాస్టారూ, మీరు ఇప్పటికీ ప్రదర్శనలకి జడ్జిగా వెళ్తారు. మీ మాట నలుగురూ వింటారు. మిమ్మల్ని అందరిముందూ అడుగుతున్నాను, ఏమనుకోవద్దు. మీ కాలేజీ పెట్టే పశు ప్రదర్శన స్కోర్ షీట్ నేను తెప్పించుకుని చూశాను. రంగుకి మార్కులున్నాయి, ఎత్తుకి ఉన్నాయి, నడకకి ఉన్నాయి. కాల్చిన మచ్చ, అద్దిన రంగు, కోసిన తోక, చచ్చుబడ్డ తోక, నొక్కితే లాక్కునే కాలు, వీటిలో ఏది కనిపించినా పోటీ నుంచి తీసేయాలన్న ఒక్క వాక్యం లేదు. ఆ వాక్యం రాసి తెచ్చాను. ఇదిగో. డీన్ గారు ఈ సంవత్సరం ప్రదర్శనకే దాన్ని చేర్చాలని నా విన్నపం. తనిఖీ బల్ల మీద దూది, స్పిరిట్ సీసా పెట్టించండి. డ్యూటీకి మనిషి దొరక్కపోతే నేను వచ్చి కూర్చుంటాను.

ఇక ప్రశ్నలు అడగండి. లాడాల గురించి అడిగితే ముందు వాళ్ళకే చెప్తాను, ఆ విషయం ఇంకా చాలా మిగిలిపోయింది.