జీఐఎస్ సర్టిఫికెట్‌కు డబ్బు కట్టే ముందు

(శ్రీకాకుళంలో డిగ్రీ విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపకులకు, విద్యార్థులకు, పిల్లల భవిష్యత్తు కోసం పనులు మానుకుని వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

భూగోళశాస్త్రం చదివిన పిల్లలకు ఇప్పుడు అందరూ ఇచ్చే సలహా ఒకటే: జీఐఎస్ కోర్సు, అంటే కంప్యూటర్‌లో పటాలు గీసి, స్థలాల సమాచారాన్ని విశ్లేషించే కోర్సు చేసి సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఉద్యోగం వస్తుందని. ఆ మాట నమ్మి, జీడిపప్పు అమ్మిన డబ్బుతో హైదరాబాద్ బయలుదేరేవారిని చూస్తున్నాను. ఫీజు ఒక్కటే ఖర్చు కాదు. హాస్టలు, భోజనం, రానుపోను ఛార్జీలు, ఆ నెలల్లో చేతికి రాని సంపాదన, అన్నీ కలిపి లెక్క వేయండి.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి ముందే చెప్పేస్తాను. 2019లో గ్రామ సర్వేయర్ల నియామకానికి సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ ఐటీఐ, సివిల్ డిప్లొమా వంటి అర్హతలు అడిగారు. మూడు నెలల జీఐఎస్ సర్టిఫికెట్ వాటికి బదులు కాదు. గ్రూప్స్‌కు డిగ్రీ చాలు. అధ్యాపకులు కావాలంటే పీజీ కావాలి. ఆ కాగితంతో సర్కారు కొలువు ఖాయమని ఎవరైనా చెబితే నమ్మకండి.

ప్రైవేటు సంస్థల్లో మాత్రం పని ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం పటాల తయారీపై ఆంక్షలు సడలించింది. 2022లో జాతీయ జియోస్పేషియల్ విధానం వచ్చింది. భూముల రీసర్వేకు, రోడ్లకు, పైపులైన్లకు, కరెంటు లైన్లకు పటాలు కావాలి. అయితే ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన పెట్టి, పని చేసి చూపించమంటారు. నేనూ ఇంటర్వ్యూ చేసే కుర్చీలో కూర్చుంటాను కాబట్టి చెబుతున్నాను.

మన జిల్లా పిల్లలు వస్తే నేను తప్పక అడిగే ప్రశ్న: ఇచ్ఛాపురం ఏ యూటీఎం జోన్‌లో ఉంది? పటాల్లో కొలతల కోసం భూమిని ఆరేసి డిగ్రీల రేఖాంశ పట్టీలుగా విడదీసి నంబర్లు ఇచ్చారు, ఆ పట్టీలే యూటీఎం జోన్లు. చాలామంది తడుముకోకుండా 44 అంటారు. అది తప్పు. 44, 45 జోన్లను విడదీసే 84 డిగ్రీల తూర్పు రేఖాంశం మన జిల్లా మీదుగానే పోతుంది. శ్రీకాకుళం పట్టణం దానికి పడమర, 44వ జోన్‌లో ఉంది. టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం తూర్పున, 45వ జోన్‌లో ఉన్నాయి. హైదరాబాద్ 44లో ఉంది గనుక అక్కడి అభ్యాసాలన్నీ 44తోనే సాగుతాయి. ఆ అలవాటుతో ఇచ్ఛాపురం పొలాన్ని 44లో పెట్టి కొలిస్తే కిలోమీటరుకు సుమారు ఒకటిన్నర మీటర్లు ఎక్కువ చూపుతుంది. ఎకరాకు పావు సెంటుకు పైగా తేడా వస్తుంది. గట్టు కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కే చోట పావు సెంటు చిన్న విషయం కాదు. సొంత ఊరి పటం ఒక్కసారి గీసినవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు.

నేర్చుకోవడానికి దారులున్నాయి. పటాలు గీసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఇస్రోకు చెందిన డెహ్రాడూన్‌లోని రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పాఠాలు చెబుతుంది, సర్టిఫికెట్ కూడా ఇస్తుంది. ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితం, పరీక్షకు మాత్రమే రుసుము.

ఇక ఇంటర్వ్యూలో చూపించడానికి చేయాల్సిన పని. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను మన కొబ్బరి, జీడి తోటల ఉద్దానాన్ని ఏం చేసిందో మీ ఇళ్లలో వాళ్లకు తెలుసు. సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. అందులో ఒక్కో చుక్క పది మీటర్ల చదరం, మన లెక్కలో దాదాపు రెండున్నర సెంట్లు. అర ఎకరం తోట ఇరవై చుక్కలవుతుంది. ఒక్క కొబ్బరి చెట్టు విడిగా కనబడదు, తోట కనబడుతుంది. పచ్చని ఆకు కంటికి కనబడని సమీప పరారుణ కాంతిని బాగా వెనక్కి పంపుతుంది, చెట్టు కూలి ఆకు ఎండితే అది తగ్గుతుంది. తుఫానుకు ముందు, తర్వాత మబ్బులు లేని తేదీలు వెతికి, కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఎక్కడ ఎంత పచ్చదనం పోయిందో గీయండి. తర్వాత ఆ ఊళ్లకు వెళ్లి రైతులను అడిగి సరిచూసుకోండి. మీ పటం తప్పిన చోటల్లా ఎందుకు తప్పిందో రాసుకోండి. ఆ పటం, ఆ నోటుపుస్తకం తెచ్చిన అభ్యర్థిని నేను సర్టిఫికెట్ అడగను.

డబ్బు కట్టి చేరవలసినవారూ ఉన్నారు. మెలకువలు తెలిసి, డ్రోన్ చిత్రాల మీద పని చేయాలనుకునేవారికి, సొంతంగా కొనలేని సాఫ్ట్‌వేర్ మీద చేయి తిరగాలనుకునేవారికి మంచి శిక్షణ అవసరమే. చేరే ముందు అక్కడ చదివి వెళ్లినవారితో నేరుగా మాట్లాడండి, గోడ మీది ఫొటోలు చూసి కాదు. రెండేళ్ల పీజీ వేరే సంగతి. వీలుంటే దానికే నా ఓటు.

అమ్మలకు, నాన్నలకు ఒక మాట. ఫీజు కోసం దాచిన సొమ్ముతో ముందు మంచి కంప్యూటర్ కొనండి. ఈ పని ఫోను మీద సాగదు. ఆడపిల్లను దూరం పంపడానికి జంకే ఇళ్లలోనూ ఇది ఇంటి నుంచే మొదలుపెట్టవచ్చు.

కంప్యూటర్ కొనలేనివారు ఈ హాల్లో చాలామంది ఉన్నారు. అందుకే ప్రిన్సిపాల్ గారిని అడుగుతున్నాను: కాలేజీ కంప్యూటర్ గదిని సాయంత్రం ఏడు వరకు తెరిచి ఉంచండి, ఆదివారం కూడా. క్యూజీఐఎస్ ఎక్కించి మొదటి పాఠాలు చెప్పడానికి నేను వస్తాను.