ఫైబర్ వేశాం కదా అని మందం తగ్గించకండి
(కడపలో ఇంజనీర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, పోత పని ఆపుకుని వచ్చిన సైటు ఇంజనీర్లకు, కాంట్రాక్టర్లకు, వెనక నిలబడ్డ పాలిటెక్నిక్ పిల్లలకు నమస్కారం. విశ్వేశ్వరయ్య గారికి దండ వేశాం, ఆయన గొప్పతనం ముందు మాట్లాడినవాళ్లు చెప్పేశారు. నాకిచ్చిన సమయమంతా కాంక్రీటు రోడ్డుకే.

ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. లారీలు పగలూ రాత్రీ అదే రోడ్డు మీద పోతాయి. ఒక్క లారీకి ఏ రోడ్డూ పగలదు. ఇనుప తీగను ఒకసారి వంచితే తెగదు, అటూ ఇటూ వంచుతూ పోతే తెగుతుంది. కాంక్రీటు అలసట కూడా ఇంతే. చక్రం పోయిన ప్రతిసారీ కంకరకూ సిమెంటు ముద్దకూ మధ్య ఉన్న సన్న పగులు కాస్త సాగుతుంది.

పిల్లలూ, ఈ లెక్క రాసుకోండి. ఎం40 రకం కాంక్రీటుకు వంపు బలం, అంటే వంగి పగిలేముందు ఓర్చుకునే ఒత్తిడి, 4.5 మెగాపాస్కల్స్ అనుకుందాం. చక్రం వల్ల రోడ్డు పలకలో 2.25 ఒత్తిడి వస్తే, ఒత్తిడికీ బలానికీ నిష్పత్తి 0.50. కాంక్రీటు రోడ్ల డిజైనుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన ఐఆర్‌సీ 58 సూత్రం ప్రకారం అది దాదాపు 7 లక్షల 60 వేల సార్లు ఓర్చుకుంటుంది. ఇప్పుడు 11.5 టన్నుల యాక్సిల్ (చక్రాల ఇరుసు) మీద 13.8 టన్నులు ఎక్కించారు. ‘కొంచెమే కదా సార్’ అంటారు. ఒత్తిడి 2.7 అవుతుంది, నిష్పత్తి 0.60. ఓర్చుకునేది 31 వేల సార్లు. బరువు పెరిగింది 20 శాతం, ఆయుష్షు పడిపోయింది ఇరవై నాలుగో వంతుకు!

లారీ ఓనర్లను మాత్రమే అంటున్నాననుకోవద్దు. క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడిగా ఉంచడం, సరిగా చేయక వంపు బలం 4.05కు దిగితే, బరువు పెరగకపోయినా 7.6 లక్షలు లక్ష దగ్గరికొస్తాయి. మన ఎండల్లో గోనె పట్టాలు మధ్యాహ్నం పన్నెండుకే ఎండిపోతాయి. పైగా ఆ వేళకు పలక పైన కాలి, కింద చల్లగా ఉండి, నడుము పైకి లేస్తుంది. అడుగున తన్యత (లాగే ఒత్తిడి) అప్పటికే ఉంటుంది, దాని మీదికి లారీ వస్తుంది. రాత్రి కథ తిరగబడి పగులు పైనుంచి మొదలవుతుంది. అందుకే ఐఆర్‌సీ 58లో పగటి లారీలకూ రాత్రి లారీలకూ వేరు వేరు లెక్కలు.

ఇక ఫైబర్, అంటే కాంక్రీటులో కలిపే సన్న పోగులు. ‘ఫైబర్ వేశాం, రెండంగుళాలు తగ్గిద్దాం’ అన్న మాట ఈ హాల్లో అందరూ విన్నదే. ఏ ఫైబరయ్యా? పన్నెండు మిల్లీమీటర్ల పాలీప్రొపిలీన్ వెంట్రుకలు, క్యూబిక్ మీటరుకు 900 గ్రాములు వేసేవి, పచ్చి కాంక్రీటు ఎండకు చీలకుండా చూస్తాయి. లారీ బరువుతో వాటికి సంబంధం లేదు.

కొక్కేల స్టీలు ఫైబర్ వేరు. 60 మిల్లీమీటర్ల పొడవు, 0.75 మందం, క్యూబిక్ మీటరుకు పాతిక ముప్పై కిలోలు. ఆ మోతాదులో అది కూడా మొదటి పగులును పెద్దగా ఆపదు. పగిలాక రెండంచులనూ పట్టి ఉంచుతుంది. లాగినప్పుడల్లా కొక్కెం కొంచెం నిటారవుతుంది, చుట్టూ ఉన్న ముద్ద కొంచెం అరుగుతుంది. అలా నెమ్మదిగా ఊడి రావడమే దాని పని. కాంక్రీటు మరీ గట్టిదై తీగ బలహీనమైతే, ఊడి రాకుండా పుటుక్కున తెగుతుంది. అప్పుడు డబ్బు దండగ. పగిలాక మిగిలే బలాన్ని దూలం పరీక్షలో కొలిచి చూపితే మందం తగ్గించే మాట మాట్లాడొచ్చు. కాంక్రీటు దిమ్మను నలిపి చూసిన క్యూబు రిపోర్టు చూపించి కాదు.

ఆ క్యూబు మీదే నా కోపమంతా. రోడ్డు పలక వంగి పగులుతుంది, మనం క్యూబును నలిపి సంతకం పెడతాం! 150 బై 150 బై 700 దూలం అచ్చులు ఎన్ని సైట్లలో ఉన్నాయి? చేతులెత్తండి. చూశారా.

అలసట పరీక్ష సైటులో సాధ్యం కాదు, ఒప్పుకుంటాను. సెకనుకు ఐదు దెబ్బలు వేసినా ఇరవై లక్షలకు నాలుగున్నర రోజులు దాటుతుంది. ఒకే పోతలోని దూలాలే పది రెట్ల తేడాతో విరుగుతాయి, ఒకటి రెండు విరగ్గొట్టి ఏమీ తేల్చలేం. సైటులో చేయగలిగింది వేరే ఉంది. ఖాళీ డ్రమ్ములో ముందు ఫైబర్ పోయకండి, ఉండలు కడుతుంది. తడిసిన కాంక్రీటులోకి డ్రమ్ము జోరుగా తిరుగుతుండగా కొద్దికొద్దిగా వేయండి, తర్వాత క్యూబిక్ మీటరుకు ఒక నిమిషం చొప్పున తిప్పండి, ఎంత చిన్న లోడైనా ఐదు నిమిషాలకు తగ్గొద్దు. ఫైబర్ పడ్డాక స్లంప్, అంటే కాంక్రీటు జారుడు, పడిపోతుంది. నీళ్లు పోయకండి, అడ్మిక్స్చర్‌తో (జారుడు పెంచే రసాయనంతో) సరిచేయండి. కాంక్రీటును కుదిపి సర్దే నీడిల్ వైబ్రేటర్ ఒకేచోట పొడిస్తే అక్కడ ఫైబర్ లేని ముద్ద మిగులుతుంది.

లోడు మొదట్లో, నడుమ, చివర పది లీటర్ల చొప్పున తీసి కడిగి, అయస్కాంతంతో తీగలు ఏరి తూచండి. పాతిక కిలోల మోతాదుకు ప్రతి బకెట్లో 250 గ్రాములు రావాలి. మొదట 400, చివర 100 వస్తే ఆ లోడు దించొద్దు. టెండరు రాసే అధికారులు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను: ‘ఆమోదించిన ఫైబర్’ అన్న ముక్క కొట్టేసి, మోతాదు, వంపు బలం, పగిలాక మిగిలే బలం, ఈ మూడూ అంకెల్లో రాయండి. ప్రశ్నలుంటే అడగండి.